కేంబ్రిడ్జ్‌లో ఎక్కడ ఉండాలి, చూడ్డానికి వస్తే ఎలా చూడాలి

కేంబ్రిడ్జ్‌లో సీటు వచ్చిందనో, ఉద్యోగం వచ్చిందనో ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగేది అద్దె గురించే. "అన్నా, తక్కువలో ఎక్కడ దొరుకుతుంది?" అంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే: "రోజూ పొద్దున్నే నువ్వు ఎక్కడికి వెళ్లాలి?" అది తేలకుండా ఈ ఊళ్లో ఏ ఇల్లు మంచిదో చెప్పడం కష్టం. ఎనిమిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, మూడు ఇళ్లు మారాను. అందులో మొదటి ఇల్లు అద్దె చూసి తీసుకున్నదే. ఆ తప్పు ఇంకొకరు చెయ్యకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఊరు పెద్దదేం కాదు. 2021 జనాభా లెక్కల్లో లక్షా 45 వేల పైచిలుకు, అంటే ఇంచుమించు మన భీమవరమంత. నేల చదును. కానీ నడిబొడ్డున ఉన్న వీధులు కొన్ని వందల ఏళ్ల నాటివి. యూనివర్సిటీ మొదలైంది 1209లో, మొదటి కాలేజీ పీటర్‌హౌస్ కట్టింది 1284లో. ఆ వీధుల్ని ఇప్పుడు వెడల్పు చెయ్యలేరు. అందుకే పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం ఐదింటికీ కార్లూ బస్సులూ బారులు తీరి ఉంటాయి. పైగా పనిచేసే చోట్లు ఊరి చుట్టూ విసిరేసినట్టు ఉంటాయి. దక్షిణాన ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి, దాన్ని ఆనుకుని బయోమెడికల్ క్యాంపస్. ఆస్ట్రాజెనెకా ప్రధాన కార్యాలయం, 2019లో ఇక్కడికి తరలివచ్చిన రాయల్ పాప్‌వర్త్ గుండె ఆసుపత్రి అక్కడే ఉన్నాయి. ఉత్తరం వైపు 1970లో ట్రినిటీ కాలేజీ మొదలుపెట్టిన సైన్స్ పార్క్. పడమట యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగం కావెండిష్ ల్యాబ్, కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్. ఆగ్నేయాన చెర్రీ హింటన్ అంచున చిప్‌లు డిజైన్ చేసే ఆర్మ్ కంపెనీ. ఊరికి ఒక చివర ఇల్లు, ఇంకో చివర ఆఫీసు పెట్టుకుంటే రోజూ ఆ ఇరుకు వీధుల్ని దాటాల్సిందే.

నా మొదటి ఇల్లు కేంబోర్న్‌లో. ఊరికి పడమట పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో 1990ల చివర కట్టడం మొదలుపెట్టిన కొత్త ఊరది. ఇల్లు బాగుంది, అద్దె తక్కువ. పని మాత్రం ఆడెన్‌బ్రూక్స్ దగ్గర. ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కాలి. నవంబర్ వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికే చీకటి పడింది. ఒకరోజు వానలో బస్టాప్‌లో నిలబడి, రావాల్సిన బస్సు బోర్డు మీద నుంచి మాయమైపోతే, తర్వాతి దానికోసం ఇంకో అరగంట చూశాను. ఇల్లు చేరేసరికి పాప నిద్రపోయింది. ఆ వారమే లెక్క వేసుకున్నాను. రానూ పోనూ రోజుకు రెండున్నర గంటలు, నెలకు యాభై గంటల పైమాటే. అద్దెలో మిగిలిన డబ్బులో సగం బస్సు పాసుకే పోతోంది. మరుసటి ఏడాది రామ్సీకి మారాం. సైకిల్ మీద పావుగంట.

మిల్ రోడ్, రామ్సీ

కొత్తగా వచ్చేవాళ్లకు, ముఖ్యంగా ఇద్దరే ఉండే జంటలకూ ఒంటరిగా వచ్చినవాళ్లకూ నేను ముందు చెప్పేది మిల్ రోడ్ చుట్టుపక్కలే. రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లిపోవచ్చు. కేంబ్రిడ్జ్‌కు రైలు 1845లో వచ్చింది. ఆ తర్వాత రైల్వే కార్మికుల కోసం కట్టిన ఇళ్లే ఈ సందుల్లో ఎక్కువ. గోడకు గోడ ఆనించి వరసగా ఉంటాయి. రైలు పట్టాల మీది వంతెనకు ఊరి వైపున్నది పీటర్స్‌ఫీల్డ్, అవతల రామ్సీ. రామ్సీ వైపు అద్దె కాస్త తగ్గుతుంది. కరివేపాకు, కందిపప్పు, పచ్చిమిర్చి, ఇడ్లీ రవ్వ ఇదే రోడ్డు మీద దొరుకుతాయి. వారానికొకసారి బస్సెక్కి ఇంకో ఊరు వెళ్లక్కర్లేదు. ఈ రోడ్డు మీదే 2019లో తెరిచిన పెద్ద మసీదు ఉంది. లోపల చెట్ల కొమ్మల్లా పైకి విచ్చుకున్న చెక్క స్తంభాలు చూడదగ్గవి. ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

ఆంగ్లియా రస్కిన్ యూనివర్సిటీ కూడా దగ్గర్లోనే ఈస్ట్ రోడ్ మీద ఉంది. ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. ఆంగ్లియా రస్కిన్ వేరు, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వేరు. ఆఫర్ లెటర్‌లో "కేంబ్రిడ్జ్" అని చూసి ఇంట్లోవాళ్లు ఒకటి అనుకోవడం, కన్సల్టెన్సీ వాళ్లు సరిచెయ్యకపోవడం నేను చూశాను. ఆంగ్లియా రస్కిన్‌లో మంచి కోర్సులున్నాయి, నర్సింగ్ చదివి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నవాళ్లు నాకు తెలుసు. కానీ ఫీజు కట్టేముందే ఏది ఏదో తెలిసి ఉండాలి.

మిల్ రోడ్ ఇళ్లలో చిక్కు ఒకటే. చలి, దాంతోపాటు చెమ్మ. పాత ఇటుక గోడలు, చాలా ఇళ్లకు చలిని ఆపే సరైన పొర ఉండదు. నేను రామ్సీ ఇల్లు చూసింది జూలైలో. ఎండ పడి గది బంగారంలా ఉంది. డిసెంబర్‌లో బీరువా ముందుకు జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు, అరచేతి వెడల్పు మచ్చలు. బట్టలకు ఆ వాసన పట్టేసింది. ఏజెంటుకు ఫోన్ చేస్తే కిటికీలు తెరిచి పెట్టమన్నాడు. బయట రెండు డిగ్రీల చలి. మన వంట కూడా కొంత కారణమే. కుక్కర్ ఆవిరి, మరిగే సాంబారు, గదిలోనే ఆరేసే బట్టలు, ఇదంతా గోడకే పడుతుంది. కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మొహమాటపడకండి. బీరువా జరిపి చూడండి, కిటికీ మూలల్లో వేలు పెట్టి చూడండి. వంటగదిలో ఆవిరి లాగే ఫ్యాన్ పనిచేస్తోందో లేదో వేసి చూడండి. ఇంటికి ఎనర్జీ రేటింగ్ సర్టిఫికెట్ ఉంటుంది, అన్నిటికన్నా మెరుగైన A నుంచి G వరకు. అద్దెకివ్వాలంటే కనీసం E ఉండాలన్నది నిబంధన. C ఉన్న ఇంటికీ E ఉన్న ఇంటికీ చలికాలం గ్యాస్ బిల్లులో తేడా బాగా తెలుస్తుంది.

ఈ చలి గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు రామానుజన్ గుర్తొస్తాడు. 1914లో ట్రినిటీకి వచ్చిన ఆ మహానుభావుడి గదికి గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఒకసారి వెళ్లాడట. రాత్రుళ్లు చలికి నిద్ర పట్టడం లేదని రామానుజన్ చెప్పాడు. చూస్తే, దుప్పట్లన్నీ పరుపు కిందికి దోపి నీటుగా పరిచి ఉన్నాయి. వాటిని లాగి లోపల దూరి పడుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పైన కోటు కప్పుకుని పడుకునేవాడు. అంత తెలివైనవాడికి అంత చిన్న సంగతి చెప్పే మనిషి లేకపోయాడు. అందుకే కొత్తగా వచ్చిన పిల్లలకు హీటర్ టైమర్ ఎలా పెట్టాలో, రేడియేటర్ మీటను ఎటు తిప్పాలో నేను దగ్గరుండి చూపిస్తాను.

చెర్రీ హింటన్, ట్రంపింగ్టన్, చెస్టర్టన్

బడికి వెళ్లే పిల్లలున్న కుటుంబానికైతే నా ఓటు చెర్రీ హింటన్‌కే. ఒకప్పుడు పల్లె, ఇప్పుడు ఊళ్లో కలిసిపోయింది. ఇళ్లకు వెనక కాస్త పెరడు ఉంటుంది, కారు పెట్టుకునే చోటు ఉంటుంది, పెద్ద పార్కు ఉంది. ఆడెన్‌బ్రూక్స్‌కు సైకిల్ మీద పది పన్నెండు నిమిషాలు. ఆర్మ్‌లో పనైతే నడిచే వెళ్లొచ్చు. సెంటర్‌కు మాత్రం దూరం. శనివారం సాయంత్రం సరదాగా బయటికి నడిచి వెళ్దామంటే కుదరదు.

ట్రంపింగ్టన్‌లో కొత్త అపార్ట్‌మెంట్లు. వెచ్చగా, శుభ్రంగా ఉంటాయి, బూజు బాధ దాదాపు లేదు. ఆసుపత్రి క్యాంపస్ పక్కనే. బస్సుల కోసమే ప్రత్యేకంగా వేసిన కాంక్రీటు దారి, గైడెడ్ బస్‌వే, 2011లో మొదలైంది. అది ఇక్కడి దాకా వస్తుంది కాబట్టి ట్రాఫిక్‌తో పని లేకుండా స్టేషన్‌కు చేరొచ్చు. దాని పక్కనే సైకిల్ బాట. అద్దె మాత్రం ఎక్కువ. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే, ఒకరు ఆడెన్‌బ్రూక్స్‌లో ఉంటే, ఆలోచించకుండా తీసుకోవచ్చు.

సైన్స్ పార్క్‌లో ఉద్యోగమైతే నదికి ఉత్తరాన చెస్టర్టన్, ఆర్బరీ, కింగ్స్ హెడ్జెస్ చూడండి. చెస్టర్టన్ నది ఒడ్డున ఉంటుంది, అందం ఎక్కువ, అద్దె కూడా. ఆర్బరీలో అద్దె తక్కువ. ఇళ్లు కంటికి అంత ఇంపుగా ఉండవు కానీ గట్టివి, గదులు పెద్దవి. 2017లో తెరిచిన కేంబ్రిడ్జ్ నార్త్ స్టేషన్ ఈ వైపే ఉంది, లండన్‌కు అప్పుడప్పుడు వెళ్లేవాళ్లకు మంచి సౌకర్యం.

యూనివర్సిటీలోనే ఉద్యోగం వస్తే ఎడింగ్టన్ గురించి ముందే అడగండి. యూనివర్సిటీ తన సిబ్బంది కోసం పడమటి వైపు కట్టించిన పేట అది.

ఇక ఊరి బయట. కేంబోర్న్ చెడ్డదని నేను అనను. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు, కారు ఉన్నవాళ్లకు, పని పడమటి వైపున్నవాళ్లకు అది మంచి ఊరే. మన కుటుంబాలు కూడా కనిపిస్తాయి. ఈలీ ఇంకో దారి. రైల్లో పావుగంట, ఊరికి ఎటు నుంచి వచ్చినా కనిపించే మహా కేథడ్రల్, నెమ్మదైన జీవితం. స్టేషన్‌కు దగ్గర్లో పని ఉన్నవాళ్లకు కేంబోర్న్ కన్నా ఈలీయే నయం, ఎందుకంటే రైలు ఇరుకు వీధుల్లో చిక్కుకోదు.

విద్యార్థులకు మాత్రం ఒక నియమం ఉంది, ఇది తెలియక కొందరు టెన్షన్ పడతారు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో డిగ్రీ చదివేవాళ్లు ఊరి నడిబొడ్డున ఉన్న గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చికి మూడు మైళ్లలోపు, పీజీ, పీహెచ్‌డీ వాళ్లు పది మైళ్లలోపు నివసించాలి. ఆ లెక్కన ఈలీ పీజీ విద్యార్థికి కూడా పనికిరాదు, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. నా సలహా, కాలేజీ గది ఇస్తామంటే మొదటి ఏడాది కళ్లు మూసుకుని తీసుకోండి. ఒక్కటి మాత్రం అడగండి: "వంట ఎక్కడ?" ఇక్కడ కాలేజీల్లో చిన్న వంటగదిని జిప్ రూమ్ అంటారు. కొన్నిట్లో సరైన పొయ్యి కూడా ఉండదు. రోజూ అన్నం, పప్పు వండుకోవాలనుకునేవాళ్లకు అది పెద్ద సంగతే. బయటి హాస్టళ్లలో వంటగది బాగుంటుంది, కాస్త దూరమైనా.

డబ్బు విషయాలు త్వరగా చెప్పేస్తాను. మామూలు ఇళ్లకు అడ్వాన్స్ ఐదు వారాల అద్దె మించకూడదు. ఇల్లు మనకోసం ఆపి ఉంచడానికి తీసుకునేది ఒక వారం అద్దె మించకూడదు. ఇచ్చిన అడ్వాన్స్‌ను 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన పథకంలో జమ చెయ్యాలి, ఆ కాగితం అడిగి తీసుకోండి. అందరూ పూర్తికాలపు విద్యార్థులే ఉండే ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్, అంటే మన ఇంటి పన్ను లాంటిది, లేదు. ఒక్కరు ఉద్యోగస్తులు కలిసినా కట్టాలి. హైదరాబాద్‌లో కూర్చుని, ఇల్లు ఎవరూ చూడకుండా, ఫోటోలు చూసి డబ్బు పంపకండి. తెలిసినవాళ్లను ఒక్కసారి వెళ్లి చూసి రమ్మనండి. మనవాళ్లు ఎవరూ కాదనరు.

సైకిలా, బస్సా, కారా

సైకిల్. ఇంగ్లండ్‌లో ఇంకో ఊరైతే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. ఇక్కడ ప్రొఫెసర్లు, డాక్టర్లు, అరవై దాటిన అమ్మమ్మలు అందరూ తొక్కుతారు. పిల్లల్ని ముందు పెట్టెలో కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తారు. స్టేషన్ దగ్గర దాదాపు మూడు వేల సైకిళ్లు పట్టే మూడంతస్తుల స్టాండ్ ఉంది. దొంగతనాలు ఎక్కువ కాబట్టి పాత సైకిల్ కొనండి, తాళం మాత్రం కొత్తది, ఖరీదైనది, ఇనుప కడ్డీ రకం కొనండి. ముందు చక్రం ఒక్కదానికే తాళం వేస్తే, సాయంత్రానికి ఆ చక్రం ఒక్కటే మిగులుతుంది. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. కొండలు లేవు కానీ గాలి ఉంది. చదునైన పొలాల మీదుగా ఎదురుగాలి వచ్చిన రోజు పావుగంట దారి ఇరవై ఐదు నిమిషాలవుతుంది.

కారు అవసరమైతే చెర్రీ హింటన్ లాంటి చోట ఉండి కొనుక్కోండి. మిల్ రోడ్ సందుల్లో ఉండి కారు కొంటే నిలపడానికి చోటు వెతకడమే పనవుతుంది. మన భారతీయ లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలు చెల్లుతుంది. ఈలోగా ఇక్కడి పరీక్ష పాసవ్వాలి.

చూడ్డానికి వచ్చేవాళ్లకు

లండన్ నుంచి వచ్చేటప్పుడు కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా వచ్చే రైలు ఎక్కండి, 50 నిమిషాలు. లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి వచ్చేది గంటకు పైనే పడుతుంది. స్టేషన్ నుంచి సెంటర్‌కు నడిస్తే అరగంట, పెద్దవాళ్లుంటే బస్సు ఎక్కండి. కారులో వస్తే ఊరి అంచున పార్క్ అండ్ రైడ్‌లో వదిలేసి బస్సులో రండి. కారుతో సెంటర్‌లోకి వచ్చి బాగుపడ్డవాళ్లను నేను చూడలేదు.

ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లాలా, ఒక రాత్రి ఉండాలా అని అడుగుతారు. వీలైతే ఉండండి, ఆ ఒక్క సాయంత్రం కోసం. పగలు కింగ్స్ కాలేజీ చాపెల్‌కు టికెట్ కొని వెళ్తే, 1446లో పునాది రాయి వేసి 1515కు ముగించిన ఆ కట్టడాన్ని, ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఆ విసనకర్ర ఆకారపు రాతి కప్పును తీరిగ్గా చూడొచ్చు. కానీ చదువులు సాగే రోజుల్లో సాయంత్రం ప్రార్థనకు, ఈవెన్‌సాంగ్‌కు, ఎవరైనా ఉచితంగా వెళ్లొచ్చు. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను సాయంత్రాన్నే ఎంచుకుంటాను. అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్లాను. గుమ్మం దగ్గర ఆగి, "చెప్పులు విప్పాలా నాన్నా?" అని అడిగింది. అక్కర్లేదమ్మా అన్నాను. లోపల చెక్క ఆసనాల మీద కూర్చున్నాం, ఒక్కో ఆసనం ముందు చిన్న దీపం. పిల్లల గొంతులు లేచాయి, ఆ పాట రాతి కప్పును తాకి, ఆగి, మెల్లగా కిందికి దిగింది. అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు జోడించి చివరిదాకా అలాగే కూర్చుంది. ఆ సమయంలో ఫోటోలు తియ్యనివ్వరు, అదీ మంచికే.

నది మీద పంట్ ఎక్కడం రెండో ఎంపిక. ఇది మన గోదావరి మీద గెడ వేసి నడిపే నాటు పడవ లాంటిదే. అడుగు చదునుగా ఉంటుంది, పొడవాటి గెడను నేలకు ఆనించి తొయ్యాలి. మనిషిని పెట్టి నడిపించేది తీసుకుంటే ముప్పావు గంటలో కాలేజీల వెనక వైపంతా చూపిస్తాడు, కథలు చెబుతాడు. పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వస్తే అదే తీసుకోండి. స్నేహితులైతే సొంతంగా అద్దెకు తీసుకోండి, కానీ కాలేజీల వెనక రద్దీగా ఉండే చోట వద్దు. గ్రాంట్‌చెస్టర్ వైపు వెళ్లే పై భాగంలో తీసుకోండి, పచ్చిక బయళ్ల మధ్య నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. గెడ బురదలో దిగబడిపోతే పట్టుకుని వేలాడకండి, వదిలెయ్యండి. పడవలో తెడ్డు ఉంటుంది, వెనక్కొచ్చి తీసుకోవచ్చు.

డబ్బు ఖర్చు పెట్టకుండా చూడాలంటే ఫిట్జ్‌విలియం మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. ట్రినిటీలో రెన్ లైబ్రరీ వేళలు తక్కువ, ముందే చూసుకుని రండి. రామానుజన్ చివరి రోజుల కాగితాలు, 1976లో బయటపడ్డవి, ఆ లైబ్రరీవే. పక్కనే సెయింట్ జాన్స్ కాలేజీ. మన కట్టమంచి రామలింగారెడ్డి గారు చదివింది అక్కడే. పరీక్షల కాలంలో, అంటే ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు, చాలా కాలేజీలు బయటివాళ్లను రానివ్వవు. తల్లిదండ్రుల్ని పిలిపించేవాళ్లు ఇది చూసుకుని టికెట్లు తీసుకోండి. జూలైలో తొమ్మిది దాటాక కూడా వెలుతురు ఉంటుంది కానీ ఈవెన్‌సాంగ్ ఉండకపోవచ్చు. నా మట్టుకు అక్టోబర్ మంచి నెల.

ఆక్స్‌ఫర్డా, కేంబ్రిడ్జా అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. రెంటికీ ఒక్కరోజే ఉంటే, పెద్దవాళ్లతో వస్తే కేంబ్రిడ్జ్. ముఖ్యమైన కాలేజీలన్నీ నది పక్కన ఒకే వరసలో ఉన్నాయి, ఎక్కువ నడవక్కర్లేదు. మ్యూజియంలు, పుస్తకాలు ఇష్టమైతే ఆక్స్‌ఫర్డ్. అష్మోలియన్ మ్యూజియం ఒక్కటే పూట తినేస్తుంది, అదీ ఉచితమే. ఊరు కూడా కాస్త పెద్దది, హడావుడి ఎక్కువ. ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవాళ్లయితే రెండూ చూడండి. ఆ యూనివర్సిటీ మొదటి వైస్ ఛాన్స్‌లర్ రామలింగారెడ్డి గారు ఇక్కడ చదివారు. ఆయన తర్వాత 1931లో ఆ కుర్చీలో కూర్చున్న రాధాకృష్ణన్ గారు 1936 నుంచి 1952 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్. వాల్తేరులో చదివిన మా నాన్నకు ఈ సంగతి చెబితే రెండో రోజే ఆక్స్‌ఫర్డ్ వెళ్దామన్నారు. వెళ్లాం కూడా, కోచ్‌లో, పులిహోర డబ్బా పట్టుకుని.